ఎలుక మడమ, మనిషి మడమ

గత సంవత్సరం ఆగస్టు మాసంలో ఒక సాయంత్రం ప్రయోగశాలకు తాళం వేయబోవుచుండగా మా కళాశాల ఫుట్‌బాల్ జట్టులో కుడి వింగున ఆడు విద్యార్థి వచ్చి గుమ్మం దగ్గర నిలబడినాడు. లోపలికి రమ్మన్నాము. కుడికాలు కొంచెం ఈడ్చుచు నడిచి వచ్చి, జేబులో నుండి చేతిరుమాలు తీసి, దాని మడతలు విప్పి, ఒక చిన్న గాజుసీసాను బల్లపైన పెట్టినాడు. బొటనవ్రేలంత సీసా. రబ్బరు మూత, దాని చుట్టూ రేకు. అడుగున చిటికెడు తెల్లని పొడి. సీసాపై అంటించిన కాగితం మీద "బీపీసీ-157, 5 మి.గ్రా." అని అచ్చువేసి ఉన్నది. దాని క్రింద మరింత చిన్న అక్షరాలలో "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని ఉన్నది. తయారుచేసినవారి చిరునామా మాత్రం ఎక్కడా లేదు.

"సార్, మీరు జీవశాస్త్రం చెబుతారు కదా. దీన్ని నీళ్ళలో కలిపి ఇంజెక్షన్ వేసుకుంటే మడమ నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గిపోతుందంటున్నారు. వేసుకోవచ్చా సార్?" అని అడిగినాడు.

అడుగగా అడుగగా విషయం తెలిసినది. నాలుగు నెలలుగా అతని మడమ వెనుక భాగంలో నొప్పి. ఉదయం లేచి మొదటి పది అడుగులు వేయుటయే కష్టం. కసరత్తు చేయు చోట పరిచయమైన ఒక పెద్దమనిషి, తన భుజం నొప్పి ఈ మందుతోనే పోయినదని చెప్పి సీసా తెప్పించి ఇచ్చినాడు. వెల మూడున్నర వేల రూపాయలు. రాత్రిపూట హోటళ్ళ నుండి భోజనం పొట్లాలు ఇళ్ళకు చేర్చి సంపాదించుకొన్న సొమ్ము అది. విశ్వవిద్యాలయపు జట్టు ఎంపికకు ఇంక ఏడు వారాలే గడువు. అతనిది డిగ్రీ చివరి సంవత్సరం. ఆ జట్టులో చోటు దొరికితే క్రీడాకారుల కోటాలో రైల్వేలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దొరకకపోతే పొట్లాలు మోయు పనే మిగులును.

ఈ నగరంలో ఫుట్‌బాల్ ఆడు పిల్లవానికి ఆ ఆశ ఎంత బలమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకానికి చేర్చిన శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదువారు, వృత్తిచేత ఉపాధ్యాయులు. మా మైదానంలో బంతి తన్ను ప్రతి పిల్లవాడు ఆ పేరు విని పెరిగినవాడే.

"వద్దు" అని ఒక్క మాట చెప్పి పంపివేయుట మాకు సులభమే. కాని ఆ మాట మా నోట రాలేదు. అందుకు కారణం మా ఎడమ మడమ.

మేము మెట్లు ఎక్కునప్పుడు ఎడమకాలు ఆలస్యంగా లేచునని మా విద్యార్థులందరికీ తెలియును. ఎందుకో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. 1988లో, మేము డిగ్రీ రెండవ సంవత్సరం చదువుచుండగా, జిల్లా పోటీల చివరి ఆటకు రెండు రోజుల ముందు మా మడమ వాచినది. తెలిసినవారొకరు ఒక కాంపౌండరు దగ్గరకు తీసుకొనిపోయినారు. ఆయన మడమలోనే ఒక ఇంజెక్షన్ పొడిచినాడు. మందు పేరు మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. మరునాటికి నొప్పి మాయమైనది. ఆ ఇంజెక్షన్‌కు చేతులెత్తి నమస్కరించినాము. ఆట రెండవ సగంలో బంతి కోసం పరుగెత్తబోగా, వెనుక నుండి ఎవరో రాయి విసిరినట్లు అనిపించినది. తిరిగి చూచినాము, ఎవరూ లేరు. మడమ నరం అని మనం వాడుకలో అనుకొను స్నాయువు తెగిపోయినది. శస్త్రచికిత్స చేసిన డాక్టరుగారు, అది స్టిరాయిడ్ అయి ఉండవచ్చునని, ఆ మందు నొప్పిని అణచునే గాని స్నాయువును బలహీనపరచగలదని, మడమ దగ్గర దానిని పొడవరాదని చెప్పినారు. ఆ తరువాత మేము ఆడలేదు.

ఇంజెక్షన్ వల్లనే మా స్నాయువు తెగినదని నిరూపించుటకు మా దగ్గర ఆధారం లేదు. అది వేసుకొనకపోయినను తెగి ఉండవచ్చును. కాని సీసాలో ఏమున్నదో తెలియకుండ కాలు చాచి కూర్చొన్న ఆ ఇరవై ఏండ్ల పిల్లవాడు ఇన్నేండ్ల తరువాత మరల వచ్చి మా ఎదుట నిలబడినట్లు తోచినది. అందుచేత, "ఒక వారం ఆగు. చదివి చెప్పెదము. అంతవరకు ఈ మూత తీయవద్దు" అని చెప్పి పంపినాము. సీసాను అతడు తనతోనే తీసుకొనిపోయినాడు. ఆ వారమంతయు మేము చదివినది, ఆలోచించినది ఇప్పుడు విద్యార్థుల ముందు, కళాశాల కమిటీవారి ముందు ఉంచుచున్నాము.

మొదట పెప్టైడ్ అనగానేమి? ఆమైనో ఆమ్లములను పూసలుగా తీసుకొని దారానికి గ్రుచ్చితే వచ్చు చిన్న దండ పెప్టైడ్, చాల పొడవైన దండ ప్రోటీన్. మధుమేహ రోగులకిచ్చు ఇన్సులిన్ 51 పూసల దండ. మన విద్యార్థి తెచ్చిన సీసాలోనిది 15 పూసలది. జీర్ణాశయ రసంలోని ఒక ప్రోటీనుకు చెందిన తునకగా దీనిని వర్ణించినారు, ఇప్పుడు కృత్రిమంగా తయారుచేయుచున్నారు. టీబీ-500 అను పేరుతో అమ్మబడునది మరింత చిన్నది. మన శరీరంలో సహజంగా నుండు 43 పూసల థైమోసిన్ బీటా-4లోని 7 పూసల భాగం అది. కాబట్టి పెప్టైడ్ అన్నంత మాత్రాన విషం కాదు, అమృతమూ కాదు. ఏ పెప్టైడ్, ఎవరు శుద్ధి చేసినది, ఎవరిపై పరీక్షించినది అన్నవే ప్రశ్నలు.

శుద్ధి ఎంత పెద్ద మాటయో ఇన్సులిన్ చరిత్రయే చెప్పును. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటో నగరంలో 14 ఏండ్ల లెనార్డ్ థామ్సన్ అను బాలునికి తొలి ఇంజెక్షన్ ఇచ్చినారు. అందులోని మలినముల వలన సూది గ్రుచ్చిన చోట గడ్డ లేచినది, మేలు మాత్రం స్వల్పమే. జేమ్స్ కాలిప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్ళు శ్రమించి దానిని శుద్ధిచేసిన పిమ్మట, జనవరి 23న మరల ఇచ్చినారు. ఆ బాలుడు బ్రతికినాడు. రెండు ఇంజెక్షన్లలోను ఉన్నది ఇన్సులినే. నడుమ పన్నెండు రోజులలో జరిగినది శుద్ధి.

ఇక ఆధారముల సంగతి. బీపీసీ-157 పైన 1990వ దశకం ఆరంభం నుండి ఎక్కువగా పరిశోధించినది క్రొయేషియా దేశంలోని జాగ్రెబ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రెడ్రాగ్ సికిరిచ్ బృందము. 2003లో వారు ప్రకటించిన ఒక పరిశోధనలో ఎలుకల మడమ స్నాయువును కత్తితో తెగగోసి, కొద్దిసేపటికే ఈ పెప్టైడ్‌ను ఇవ్వనారంభించినారు. మందు అందిన ఎలుకల స్నాయువు మందు అందని ఎలుకల స్నాయువు కంటె మెరుగుగా అతుకుకొన్నది. కండరములపై, కీళ్ళ బంధనములపై చేసిన పరిశోధనలలో కూడ ఇట్టి ఫలితములే వచ్చినవి. తైవాన్ శాస్త్రజ్ఞులు స్నాయువు కణములపై చేసిన ప్రయోగములలోను కొంత మేలు కనబడినది. వీటిని తీసిపారవేయుట న్యాయం కాదు. ఎలుకలలో ఏదో ఉన్నదని మేమూ ఒప్పుకొంటిమి.

మనుషులలో? 2025లో వెలువడిన ఒక సమీక్ష, ఎముకలు, కీళ్ళు, క్రీడాగాయములకు సంబంధించి 1993 నుండి 2024 వరకు వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టి 36 ఎంచుకొన్నది. అందులో 35 జంతువులపైన, కణములపైన చేసినవి. మనుషులపై చేసినది ఒక్కటి. అదియు మోకాలి నొప్పి గల కొద్దిమందికి ఇంజెక్షన్ ఇచ్చిన పిమ్మట, ఎట్లున్నదని వెనుకకు తిరిగి విచారించి వ్రాసినది. వారితో పోల్చి చూచుటకు మందు వేయని మరొక జట్టు అందులో లేదు. 2015లో ఆరోగ్యవంతులపై తొలిదశ పరీక్ష ఒకటి నమోదైనది, దాని ఫలితములు ప్రచురింపబడలేదు. 2025లో ఇద్దరికి రక్తనాళం ద్వారా ఎక్కించి, వెంటనే కీడేమియు కనబడలేదని ఒక చిన్న పత్రం వచ్చినది. ఇద్దరు! మా జట్టులో అదనపు ఆటగాళ్ళే అంతకు ఎక్కువమంది ఉన్నారు.

ఇంతవరకు చదివిన తరువాత మాకు మన ఊరి కథయే ఒకటి జ్ఞాపకమునకు వచ్చినది. శస్త్రచికిత్సలో మత్తుకు క్లోరోఫాం వాడుచున్న దినములలో, కొందరు రోగులు బల్లమీదనే హఠాత్తుగా మరణించెడివారు. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు వచ్చి అట్లే చనిపోయినది. ముందు ఆగునది గుండెయా, శ్వాసయా అని వైద్యలోకం రెండు పక్షములుగా చీలినది. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ శ్వాస పక్షంవాడు. శ్వాసను కనిపెట్టి ఉన్నచో క్లోరోఫాం వలన భయం లేదని ఆయన నమ్మకం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లో ఒకటి, 1889లో రెండవది, హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ఏర్పడినవి. మొదటి కమిషన్ తీర్పును లండన్‌లోని లాన్సెట్ పత్రిక శంకింపగా, నిజాం వెయ్యి పౌనులు ఇచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించినారు. లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు ఓడలో వచ్చినాడు. మత్తు వైద్యులలో తొలి మహిళలలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్జీ గారు కూడ ఆ పరిశోధనలతో సంబంధం గలవారే. వందలాది జంతువులపై ప్రయోగములు జరిగినవి. ముందుగా ఆగునది శ్వాసయే, గుండె కాదు అని కమిషన్ తేల్చినది. వచ్చిన ప్రతినిధియు ఒప్పుకొన్నాడు.

కాని బల్లలమీద మరణములు ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులపై చేసిన ప్రయోగముల వలన అసలు సంగతి బయటపడినది. మత్తు తేలికగా ఉన్నప్పుడు, శరీరంలో ఎడ్రినలిన్ పొంగినచో, గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోవును. హైదరాబాదు జంతువులకు మోతాదు మించి మత్తు ఇచ్చి చూచినారు, అప్పుడు శ్వాసయే ముందు ఆగును. బల్లమీద చనిపోయిన రోగులలో ఎందరో భయంతో వణకుచు, సగం మత్తులో ఉన్నవారు. లారీ మోసగాడు కాడు, నిజాం ధనం వృథా చేయలేదు, లెక్కలు దొంగలెక్కలు కావు. ఆ జంతువులను అడిగిన ప్రశ్న వేరు, రోగి ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్న వేరు. జంతువు మనం అడిగిన దానికే బదులు చెప్పును. మనం అడగని దానికి బదులు చెప్పదు.

ఈ వెలుగులో మా విద్యార్థి మడమను చూచినాము. జాగ్రెబ్ ఎలుక ఆరోగ్యమైనది. దాని స్నాయువు పదునైన కత్తితో ఒక్క వేటున తెగినది, మందు వెంటనే అందినది. మా పిల్లవాని స్నాయువు తెగలేదు. నాలుగు నెలలుగా గట్టినేల మీద పరుగుల వలన పోగు పోగుగా అరిగి, చిక్కుపడి, మందమైనది. తెగిన తాడును ముడివేయుట వేరు, నానిన తాడును మరల గట్టిచేయుట వేరు. ఎలుకను ఎవరూ ఈ రెండవ ప్రశ్న అడిగినట్లు మాకు కనబడలేదు. ఎలుకకు మరునాడు ఆట లేదు, పదేండ్ల తరువాత కాన్సర్ వచ్చునంత ఆయుస్సు కూడ లేదు.

భద్రత విషయంలోను ఇదే పద్ధతి. జంతువులలో ఈ పెప్టైడ్ కొత్త రక్తనాళములు పుట్టుటకు తోడ్పడునని, గాయం మానుటకు అదే కారణం కావచ్చునని పరిశోధకులు అనుచున్నారు. కాని రక్తనాళములు పెరుగుట గాయానికి ఎంత మేలో, శరీరంలో ఎక్కడో నక్కియున్న కంతికి అంత మేలు. ఈ మందు మనుషులకు కాన్సర్ తెచ్చినదని ఎవరూ చూపలేదు, తేదని కూడ ఎవరూ చూపలేదు. చూపవలెనన్న ఏండ్ల తరబడి వందలాదిమందిని కనిపెట్టవలెను, ఆ పని జరుగలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023 సెప్టెంబరులో దీనిని గణనీయమైన ప్రమాదములు కలిగింపగల పదార్థముల వర్గంలో చేర్చినది. అప్పుడు చెప్పిన కారణములు ఇవి: శరీరపు రక్షణశక్తి దీనిపై తిరుగబడవచ్చును, తయారీలో మలినములు చేరవచ్చును, మనుషులలో భద్రతను గూర్చిన సమాచారం చాలదు. మన దేశంలోను ఇది ఆమోదం పొందిన ఔషధం కాదు. పైగా చిరునామా లేని సీసాలో ఆ 15 పూసలే ఉన్నవో, 14 ఉన్నవో, మరేమైనా ఉన్నదో సీసాను చూచి చెప్పగలవారు లేరు. వంటింటి బల్లమీద కలిపి, స్నేహితుని సిరంజితో పొడుచుకొనువారికి చీము పట్టుట, రక్తం ద్వారా వ్యాధులు అంటుట అను పాత ప్రమాదములు ఉండనే ఉన్నవి.

క్రీడాకారునికి మరొక చిక్కు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుండి బీపీసీ-157ను పేరు పెట్టి నిషేధించినది. థైమోసిన్ బీటా-4, టీబీ-500 కూడ నిషిద్ధములే. మన దేశపు విశ్వవిద్యాలయ క్రీడలలో కూడ మూత్ర నమూనాలు సేకరించుట కలదు. "నాకు తెలియదు, ఎవరో ఇచ్చినారు" అన్న మాట అచ్చట చెల్లదు. ఆస్ట్రేలియాలో ఎసెండన్ అను ఫుట్‌బాల్ క్లబ్బువారి 2012 నాటి ఇంజెక్షన్ల వ్యవహారం ఇందుకు సాక్షి. థైమోసిన్ బీటా-4 వాడినారని తేల్చి, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2016 జనవరిలో 34 మంది ఆటగాళ్ళను ఒక్కసారిగా నిషేధించినది. ఆ ఇంజెక్షన్లు నియమములకు లోబడినవేనని తమకు చెప్పినారని వారు మొరపెట్టుకొన్నను ఫలితం లేకపోయినది. ఏ ఉద్యోగం కోసం మా విద్యార్థి ఈ సీసా కొన్నాడో, ఆ ఉద్యోగపు తలుపును ఈ సీసాయే మూయగలదు.

వారం తిరిగినది. అతడు వచ్చినాడు. మేము చదివినదంతయు చెప్పినాము. శ్రద్ధగా విని, "కానీ సార్, ఆయన భుజం తగ్గింది కదా! నా కళ్ళతో చూశాను" అన్నాడు.

ఈ మాటకు మేము కోపగింపలేదు. నాడు కాంపౌండరు దగ్గరకు పోయినప్పుడు మేమూ ఇట్టి మాటనే నమ్మి పోయినాము. అతనికి ఒక సంగతి చెప్పినాము. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మోకాలి కీలు అరిగిన 180 మందిని తీసుకొని, కొందరికి నిజమైన శస్త్రచికిత్స చేసి, కొందరికి చర్మంపై గాటు మాత్రం పెట్టి కుట్టివేసినారు. ఎవరికి ఏది జరిగినదో రోగులకు తెలియదు. రెండేండ్లు కనిపెట్టినారు. ఉత్తుత్తి చికిత్స జరిగినవారు నిజమైన చికిత్స జరిగినవారికి నొప్పిలోగాని, నడకలోగాని ఏమాత్రం తీసిపోలేదు. 2002లో ఈ ఫలితములు ప్రచురించినారు. వారిలో ఎవరిని విడిగా అడిగినను "నాకు ఆపరేషన్‌తో తగ్గినది" అనియే చెప్పి ఉండును, అది అబద్ధం కూడ కాదు. నొప్పి మిక్కిలి ముదిరినప్పుడే మనిషి మందు వెదకును, ముదిరిన నొప్పి కొంత దానంతట అదే దిగును. మందుతోపాటు విశ్రాంతి తీసుకొనును, ఆశ కలుగును. ఈ మూడింటిని మందు నుండి వేరుచేయుటకే పోల్చి చూచు రెండవ జట్టు కావలసినది. "నీ స్నేహితుడు అబద్ధమాడలేదు బాబూ. అతని దగ్గర రెండవ జట్టు లేదు, అంతే" అన్నాము.

అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత తలయెత్తి, "సరే సార్, ఇది వద్దంటున్నారు. మరి దీని బదులు మీరు నాకేమిస్తారు?" అని అడిగినాడు.

నిజం చెప్పవలెనన్న, ఆ వారమంతయు మేము చదివిన చదువుకు ఇదే పరీక్ష. చేతిలో నున్న ఆశను లాగివేసి వట్టి చేతులతో పంపువాడు గురువు కాడు. మరునాడు అతనిని వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారి దగ్గరకు పోయినాము. ఆయన మడమను నొక్కి చూచి, స్నాయువు తెగలేదని చెప్పి ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపినారు. ఆమె ఇచ్చినది ఒక కసరత్తు. మెట్టు అంచున మునివ్రేళ్ళపై నిలబడి, నొప్పిగల కాలి మడమను మెల్లగా మెట్టు కంటె క్రిందికి దించవలెను. మరల పైకి లేచుటకు రెండవ కాలిని ఊతగొనవలెను. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు మారులు, కొంచెం వంచి 15 చొప్పున మూడు మారులు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అనగా దినమునకు 180. పన్నెండు వారములు. మొదట కొంత నొప్పి ఉండుట సహజమే గాని, నొప్పి భరింపరానిదైన ఆపి తన వద్దకు రమ్మన్నది.

ఇది స్వీడన్ దేశపు వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ ప్రచారంలోనికి తెచ్చిన పద్ధతి. 1998లో ఆయన మడమ నొప్పి గల 15 మంది ఆటగాళ్ళచేత దీనిని చేయింపగా, పన్నెండు వారముల తరువాత అందరును మరల పరుగెత్తగలిగినారు. 15 మంది కూడ తక్కువ లెక్కయే. కాని ఆ కథ అచ్చట ఆగలేదు. తరువాత అనేక దేశములవారు, ఆయనతో సంబంధం లేనివారు, పోల్చి చూచు జట్లతో మరల మరల పరీక్షించినారు. కొన్నిచోట్ల ఫలితం తగ్గినది, కొందరికి మేలు కలుగలేదు, పద్ధతిలో మార్పులు వచ్చినవి. అయినను మడమ స్నాయువుకు క్రమంగా బరువు అలవాటు చేయుట మేలను మాట నిలబడినది. నిలబడినదనగా మనుషుల మడమలపై, మనుషుల ప్రశ్నకు నిలబడినదని అర్థం. వెల ఏమియు లేదు. ఒక మెట్టు చాలును.

"పన్నెండు వారాలా? సెలక్షన్ ఆరు వారాల్లో ఉంది సార్" అన్నాడు.

మేము బదులు చెప్పలేకపోయినాము. ఆధారమునకు కూడ వెల కలదు. ఆ వెల కట్టవలసినది అతడు, మేము కాము.

అతడు సీసాను రెండు వారములు తన దగ్గరనే ఉంచుకొన్నాడు. ఆ రెండు వారములు మేము ప్రతి ఉదయం గ్రంథాలయపు మెట్లవైపు చూచుచు కళాశాలకు వచ్చితిమి. అతడు అచ్చట కనబడిన దినం మనసు తేలికపడెడిది. మూడవ వారం ఒకనాడు ప్రయోగశాలకు వచ్చి, చేతిరుమాలు విప్పి, సీసాను బల్లమీద పెట్టి, మాట లేకుండ పోయినాడు. రేకు చిరుగలేదు. దానిని ప్రయోగశాల వ్యర్థములతో పాటు నాశనం చేయించినాము.

ఎంపికకు అతడు పోయినాడు. పూర్తిగా పరుగెత్తలేకపోయినాడు. పేరు రాలేదు. ఒక నెల మాతో సరిగా మాటాడలేదు. నవంబరు నడుమ ఉదయపు నొప్పి పోయినదని చెప్పినాడు. జనవరిలో అంతర కళాశాల పోటీలో అరవై నిమిషములు ఆడి, ఒక గోలు వేయించినాడు. అది కసరత్తు ఫలమేనని మేము చాటుటకు వీలులేదు. మా దగ్గరను రెండవ జట్టు లేదు కదా! నాలుగైదు నెలల కాలమే మాన్పి ఉండవచ్చును. ఆట ముగిసిన తరువాత అతడే, "అది వేసుకొని ఉంటే సెలెక్ట్ అయ్యేవాడినేమో సార్" అన్నాడు. "అయి ఉండవచ్చును" అన్నాము. అంతకు మించి చెప్పిన అది అబద్ధమగును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పిల్లలు సీసాల వెంట పోవుచున్నది దురాశ చేత కాదు. కాలు నొచ్చినప్పుడు అడుగుటకు వారికి తెలిసినవారు లేక పోవుచున్నారు. వారమునకు ఒక్కసారియైనను ఫిజియోథెరపిస్టు మన మైదానమునకు వచ్చు ఏర్పాటు చేసినచో ఆ ఖర్చు ఒక జత గోలు వలల వెలకంటె ఎక్కువ కాదని మా నమ్మకం. నిషిద్ధ పదార్థముల జాబితాను తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించి ఆటసామాను గది తలుపుపై అంటించుటకు కాగితపు ఖర్చే.

విద్యార్థులకు ఒక్క మాట. ఎవరైన మీకు ఒక సీసా ఇచ్చి ఇది పనిచేయునని చెప్పినప్పుడు, "ఎవరికి పనిచేసినది, ఎవరితో పోల్చి చూచినారు, ఏ ప్రశ్నకు ఇది జవాబు?" అని అడుగుడు. ఇరవై ఏండ్ల వయసులో మేము అడగలేదు.

ఈ వ్యాసం వ్రాయుచుండగా కిటికీలో నుండి గ్రంథాలయపు మెట్లు కనబడుచున్నవి. మా వింగర్ పరీక్షలు వ్రాసి, ఏ ఉద్యోగం దొరుకునో అని ఎదురుచూచుచున్నాడు. అయినను సాయంత్రములు వచ్చుచునే ఉన్నాడు. మొదటి సంవత్సరపు పిల్లలు ఇద్దరు, మడమ నొప్పి గలవారు, మెట్టు అంచున నిలబడి ఉన్నారు. ఒకడు తెలుగులోను, ఒకడు ఉర్దూలోను లెక్కపెట్టుచున్నారు. తొందరపడి దించువానిని చూచి, "ఆహిస్తా, ఆహిస్తా" అని మా వింగర్ హెచ్చరించుచున్నాడు.